పొద్దుపొడుపు ఫొటోలు: అపోహలు – వాస్తవాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పొద్దుగాలే కెమెరా పట్టుకుని బయల్దేరే కుర్రాళ్లు నేర్చుకునే సూత్రాల్లో చాలావాటిని చలిదేశాల వాళ్లు రాసుకున్నారు. వాళ్ల ఆకాశం వేరు, వాళ్ల మనుషుల ఒంటి ఛాయ వేరు. ఆ తేడా తెలియక మంచి ఫొటోలు పాడైపోతుంటే బాధగా ఉంటుంది.

అపోహ: పొద్దు పొడిచాక గంటసేపు బంగారు వెలుగు ఉంటుంది.

వాస్తవం: మనకు అరగంటే. ఈ మూడు జిల్లాలూ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా ఎక్కుతాడు. డిసెంబరులో లండన్‌లో, బంగారు వెలుగు ముగిసే 6 డిగ్రీల ఎత్తుకు చేరడానికి అతనికి దాదాపు గంట పడుతుంది, మన దగ్గర అందులో సగం చాలు. పైగా హైదరాబాద్ కంటే మహబూబాబాద్‌లో సుమారు 6 నిమిషాల ముందే తెల్లవారుతుంది. రాజధాని వేళ చూసుకుని బయల్దేరితే ఉన్న అరగంటలో అయిదో వంతు పోయినట్టే. సూర్యుడు కనిపించడానికి ఇరవై నిమిషాల ముందే అక్కడ ఉండండి.

అపోహ: సూర్యుడు ఎప్పుడూ సరిగ్గా తూర్పునే పొడుస్తాడు.

వాస్తవం: మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల చుట్టుపక్కల మాత్రమే. జూన్‌లో 25 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరులో అంతే దక్షిణానికి జరుగుతాడు. దిక్కులకు సరిగ్గా కట్టిన గుడి ఉత్తరపు గోడ మీద జూన్‌లో నీరెండ ఏటవాలుగా పడి శిల్పాన్ని తేటపరుస్తుంది. డిసెంబరులో ఆ గోడ నీడలోనే ఉంటుంది. భూపాలపల్లి జిల్లా గణపురం కోటగుళ్లకు వెళ్లేముందు ఏ నెలో చూసుకోండి.

అపోహ: నల్లగా ఉన్నవాళ్ల ముఖం ఆ వేళ సరిగ్గా పడదు, వెలుగు పెంచి తెల్లబరచాలి.

వాస్తవం: ఈ మాట ఇక ఆగాలి. దీని వెనక చరిత్ర ఉంది. 1950ల నుంచి దశాబ్దాల పాటు కలర్ ప్రింట్ల రంగులు సరిచూడటానికి కొడాక్ ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద తెల్లజాతి యువతి బొమ్మే ఉండేది. ఇప్పటి కెమెరా మీటరు సాధారణంగా ఎదురుగా ఉన్నదాన్నంతా మధ్యరకం బూడిద రంగుగా లెక్కగడుతుంది. తెల్ల పంచె, తలపాగా కట్టుకున్న గొర్రెల కాపరిని తీస్తే ఆ తెలుపు చూసి వెలుగు తగ్గిస్తుంది, ముఖం చీకటవుతుంది. వెనక చిక్కటి చెట్లుంటే వెలుగు పెంచేస్తుంది, ముఖం పాలిపోతుంది. అందుకే ముఖం మీదే కొలిచి, ఎక్స్‌పోజర్ మీరే సర్దుకోవాలి. ఫోనైతే తెర మీద ముఖాన్ని తాకి వెలుగు మార్చుకోవచ్చు. మనిషిని సూర్యుడికి ఎదురుగా నిలబెట్టకండి. కళ్లు చికిలిస్తారు, ముఖం చదునుగా వస్తుంది. నల్లటి చర్మం మీద లేయెండ పక్కనుంచి పడితే చెంప ఎముక, నుదుటి ముడతలు, చెమట మెరుపు దేనికది తెలుస్తుంది. పల్లె ముఖాల్ని చూడటం నేర్చుకోవాలంటే 2022లో కన్నుమూసిన వరంగల్ బిడ్డ, ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తీసిన ఫొటోలు వెతికి చూడండి.

అపోహ: గాలిలో దుమ్మెంత ఉంటే ఆకాశం అంత ఎర్రబడుతుంది.

వాస్తవం: ఎరుపుకు దుమ్ము అక్కర్లేదు. పొడిచే సూర్యుడి వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే సుమారు 38 రెట్ల గాలిని దాటి రావాలి. దారిలో గాలి అణువులు నీలాన్ని చెదరగొడతాయి, ఎరుపూ నారింజా మిగులుతాయి. పెద్ద దుమ్ము రేణువులు అన్ని రంగుల్నీ కలిపి చెదరగొట్టి ఆకాశాన్ని మసకబారుస్తాయి. వాన ఆ దుమ్మును కడిగేస్తుంది కాబట్టి, బొగ్గు గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్న భూపాలపల్లి వైపు వాన వెలిసిన మర్నాటి ఉదయాన్ని వదులుకోవద్దు.

అపోహ: రంగుల్ని ఆటోకు వదిలేస్తే చాలు.

వాస్తవం: ఆటో వైట్ బ్యాలెన్స్ లేయెండలోని పసిమిని లోపమనుకుని తగ్గించేస్తుంది. మహబూబాబాద్ మిర్చి కల్లంలో డేలైట్‌కు మార్చి తీయండి, పొద్దుటి రంగు నిలుస్తుంది.

అపోహ: లేత సూర్యుణ్ని లెన్స్‌లోంచి చూసినా కళ్లకు ఏమీ కాదు.

వాస్తవం: డీఎస్‌ఎల్‌ఆర్‌కు టెలిఫొటో లెన్స్ తగిలించి వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని చూస్తే రెటీనా దెబ్బతినొచ్చు. వెనక తెర మీదే చూడండి.

ఇంకొక మాట. పొద్దుగాల పొలంలో ఉన్నవాళ్లు పనిలో ఉంటారు, మీ ఫొటో కోసం ఎదురుచూడరు. అడిగి తీయండి, వద్దంటే కెమెరా దించండి, తీసిన ఫొటో ప్రింటు వేయించి వాళ్ల చేతికి ఇవ్వండి.