పెద్ద విన్యాస విమానమునకు ఇంజనా, మోటారా?

ఆకాశమున విమానపు చప్పుడు వినబడినంతనే వాకిటిలోనికి పరుగెత్తని పిల్లలు అరుదు. కొందరిలో ఆ ముచ్చట వయస్సుతోపాటు తగ్గిపోవును. కొందరిలో పట్టుదలగా మారును. అట్టివారు కాగితపు విమానములతో ఆరంభించి, థర్మోకోలుతోను బాల్సా కొయ్యతోను చిన్న నమూనాలు చేసి, మోటారు బిగించి ఎగురవేయుదురు. ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలోను నమూనా విమానములకు చోటున్నది. కొన్నేండ్లకు చేయి తిరిగిన పిమ్మట వారి మనస్సు పెద్ద విమానము మీదికి పోవును. గిరికీలు కొట్టునది, తలక్రిందుగా పోవునది, ముక్కు పైకెత్తి గాలిలో నిలువుగా వ్రేలాడునది కావలెనని అడుగుదురు. అప్పుడు తల్లిదండ్రుల ముందు నిలుచు ప్రశ్న ఇది: దానికి పెట్రోలు ఇంజను కొనవలెనా, విద్యుత్తు మోటారు కొనవలెనా? ఎంతటిది కొనవలెను?

ఈ ప్రశ్నలో డబ్బు మాట ఉన్నది. అంతకంటె ముఖ్యముగా అపాయము మాట ఉన్నది. 7.5 కిలోల విమానము గంటకు 85 కిలోమీటర్ల వేగమున వచ్చి దేనికైన తగిలినచో, అదే బరువు 28 మీటర్ల ఎత్తునుండి, అనగా సుమారు తొమ్మిది అంతస్తుల మేడమీదినుండి, పడినంత దెబ్బ తగులును. కావున దీనిని ఆటవస్తువుగా ఎంచరాదు. పేరు చూచియో, పెద్దదైనచో మంచిదను తలంపుతోనో కొనుట తగదు. విమానపు బరువుతో మొదలుపెట్టి వరుసగా లెక్క వేసికొని వచ్చినచో, ఏది తగునో ఆ లెక్కయే చెప్పును. అందు గుణకారము, భాగహారము తప్ప వేరు గణితము లేదు. ఆ వరుసను తల్లిదండ్రులకు తెలుపుటయే మా ఉద్దేశము.

మొదట బరువు

పెద్ద నమూనాలను వానికి తగిన పెట్రోలు ఇంజను పరిమాణమును బట్టి పిలుచుట వాడుక. రెక్కల కొసనుండి కొసకు సుమారు 1.9 మీటర్లుండి 5 కిలోల పైచిలుకు తూగునది 30 సి.సి. తరగతి. 2.2 మీటర్లుండి 7 నుండి 8 కిలోలు తూగునది 50 సి.సి. తరగతి. 2.6 మీటర్లు దాటి 12 కిలోలకు అటునిటు తూగునది 100 సి.సి. తరగతి. విద్యుత్తు మోటారు పెట్టినను ఆ పేరే చెల్లును. ఈ వ్యాసమున 7.5 కిలోల విమానమును ఉదాహరణముగా తీసికొందము. ఈ బరువు ఇంజను లేక మోటారు, ఇంధనము లేక బ్యాటరీ అన్నియు కలిపి తూచినదని గుర్తుంచుకొనవలెను.

మామూలు విమానమును గాలిలో నిలుపునవి రెక్కలు. ప్రొపెల్లరు దానిని ముందునకు లాగిన చాలును. ఆ లాగుడు బలము విమానపు బరువుకంటె తక్కువయైనను ఎగురును. కాని ముక్కు పైకెత్తి నిలువుగా వ్రేలాడునపుడు రెక్కలు ఏమియు మోయవు. బరువంతయు ప్రొపెల్లరుమీదనే పడును. బావిలోని చేదను కదలకుండ పట్టుకొనుటకు దాని బరువునకు సరియగు బలము చాలును. పైకి లాగుటకు అంతకు మించిన బలము కావలెను. అటులనే, గిరికీలతో తృప్తిపడు విమానమునకు బరువునకు సమానమైన లాగుడున్నను జరుగును. వ్రేలాడి, అచ్చటినుండి పైకి దూకవలసినదానికి ఒకటిన్నర రెట్లకు తగ్గరాదు. మన ఉదాహరణమున అది సుమారు 11 నుండి 13 కిలోలు.

పిమ్మట ప్రొపెల్లరు

చాలమంది ఇంజనును ముందు కొని ప్రొపెల్లరును పిమ్మట వెదకుదురు. ఇది తలక్రిందుల పద్ధతి. విమానమును లాగునది ప్రొపెల్లరు. ఇంజను దానిని త్రిప్పునది మాత్రమే.

ప్రొపెల్లరుమీద 22×8 అని వ్రాసియున్నచో, మొదటి సంఖ్య కొసనుండి కొసకు పొడవు, అంగుళములలో. రెండవది, మరమేకు కొయ్యలో దిగునట్లు, ఒక్క చుట్టునకు అది గాలిలో ఎన్ని అంగుళములు ముందునకు పోవలెనో తెలుపును. ఇది నిమిషమునకు 7,000 చుట్లు తిరిగినచో ఆ లెక్కకు వేగము గంటకు సుమారు 85 కిలోమీటర్లు. లాగుడు బలము 12 నుండి 14 కిలోల వరకు ఉండును. మనకు కావలసినది ఇదియే.

రెండవ సంఖ్య పెద్దదైనచో విమానము వేగముగా పోవును. చిన్నదైనచో మెల్లగా పోవునుగాని గట్టిగా లాగును. విన్యాసములకు కావలసినది వేగము కాదు, లాగుడు. ఎక్కువ గాలిని మెల్లగా వెనుకకు నెట్టుటవలన, తక్కువ గాలిని వేగముగా నెట్టుటకంటె, అదే శక్తికి ఎక్కువ లాగుడు వచ్చును. అందుచేతనే పెద్ద ప్రొపెల్లరును నిదానముగా త్రిప్పుట మేలు. ఐతే దాని కొస నేలకు తగులకుండ విమానపు కాళ్ళు ఎత్తుగా ఉన్నవో లేవో చూచుకొనవలెను.

ఈ ప్రొపెల్లరును ఆ వేగమున త్రిప్పుటకు సుమారు 3,300 వాట్లు కావలెను. 746 వాట్లు ఒక అశ్వశక్తి గనుక ఇది నాలుగున్నర అశ్వశక్తి. ఇక దీనిని ఇచ్చునది ఏది అన్నదే మిగిలిన ప్రశ్న.

ఇంజను సంగతి

నమూనా ఇంజనులు రెండు విధములు. మొదటిది మిథనాలుతో నడచు గ్లో ప్లగ్గు ఇంజను. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్గును ప్రవేశపెట్టెను. ఇందలి ప్లాటినము తీగె మిథనాలు ఆవిరితో కలిసి ఎఱ్ఱగా కాలుచునే యుండును. కావున నడచుచుండగా వేరే నిప్పురవ్వ అక్కరలేదు. చిన్న విమానములకు ఇది చాలకాలము రాజ్యమేలినది. కాని ఆ ఇంధనము ఖరీదైనది, విషము కూడ. పెద్ద ఇంజను దానిని విరివిగా త్రాగును. కావున 30 సి.సి.కి పైబడిన చోట స్పార్కు ప్లగ్గుగల పెట్రోలు ఇంజనే తగినది.

50 సి.సి. పెట్రోలు ఇంజను సుమారు 5 అశ్వశక్తులిచ్చును. అనగా మన లెక్కకు సరిపోయి, కొంచెము మిగులును. పెట్రోలులో టూ-స్ట్రోకు ఆయిలును తయారీదారు చెప్పిన పాలులో, సాధారణముగా 30కి 1 మొదలు 50కి 1 వరకు, కలుపవలెను. అర లీటరు పెట్రోలు 370 గ్రాములే తూగును; దానితో పది నిమిషములు ఎగురవచ్చును. డబ్బాలో మిశ్రమమున్నంతవరకు దినమంతయు ఎగురవేయవచ్చును. ఇది పెట్రోలునకున్న గొప్ప లాభము.

కష్టములును కలవు. కార్బురేటరును సరిచేయుట అనుభవముమీద వచ్చు విద్య. ఇంజను అదరుటచే మరలు వదులగును; ఎగురవేయు ప్రతిసారి చేతితో తడవి చూడవలెను. చప్పుడు ఎక్కువ గనుక మంచి సైలెన్సరున్నను ఇండ్ల మధ్య పనికిరాదు. హోసూరు, బెంగుళూరు ప్రాంతములవారికి ఇంకొక మాట. అక్కడ నేల సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్నది. గాలి సముద్రతీరమునందుకంటె సుమారు 8 శాతము పలుచన. ఇంజను బలము ఇంచుమించు ఆ మేరకే తగ్గును. మోటారు తన బలమునకు గాలిని కోరదు. కాని ప్రొపెల్లరు పట్టునది ఆ పలుచని గాలినే గనుక దాని లాగుడును కొంత తగ్గక తప్పదు. కావున లెక్కలో కొంత మిగులు ఉంచుకొనవలెను.

మోటారు సంగతి

విద్యుత్తుతో నమూనా విమానమును ఎగురవేయుట క్రొత్త మాట కాదు. 1957 జూన్ 30న ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ వెండి-జింకు బ్యాటరీతో రేడియో విమానము నొకదానిని ఎగురవేసెను. కాని ఆనాటి బ్యాటరీల బరువుతో విన్యాసములు కలలోని మాట. బ్రష్షులు లేని మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ వచ్చిన పిమ్మటనే ఇది సాధ్యమైనది. నేటి మోటారులో అయస్కాంతములుగల పైడొప్పయే తిరుగును. అందుచే దానికి త్రిప్పు బలము హెచ్చు, గేర్లు లేకయే పెద్ద ప్రొపెల్లరును త్రిప్పగలదు.

మోటారుమీద కె.వి. అను సంఖ్య ఉండును. దీనిని చూచి పెక్కురు మోసపోవుదురు. సంఖ్య పెద్దదైనచో బలము ఎక్కువయని తలంతురు. అది బలము కాదు; బరువు లేకుండ తిరుగునపుడు ఒక్క వోల్టునకు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగునో తెలుపు లెక్క మాత్రమే. మన విమానమునకు 12 సెల్లుల బ్యాటరీ తీసికొందము. అది పనిచేయునపుడు సుమారు 42 వోల్టులిచ్చును. 200 కె.వి. మోటారు దానితో 8,400 చుట్లు తిరుగవలెను. ప్రొపెల్లరు బరువు పడినపుడు అందు ఐదింట నాలుగు వంతులు, అనగా 6,700 చుట్లు నిలుచును. మనకు కావలసినది ఇంచుమించు ఇదియే. ఇదే బ్యాటరీకి, ఇదే ప్రొపెల్లరునకు 500 కె.వి. మోటారు బిగించినచో అది అతివేగమున త్రిప్పబోయి, మితిమీరిన విద్యుత్తు లాగి, కాలిపోవును. పెద్ద విమానమునకు చిన్న కె.వి. కావలెనని దీని భావము.

ప్రొపెల్లరునకు 3,300 వాట్లు చేరుటకు, దారిలో వేడిగా పోవునది కలుపుకొని, బ్యాటరీనుండి సుమారు 3,800 వాట్లు రావలెను. దీనిని 42 వోల్టులతో భాగించినచో 90 ఆంపియర్లు. కావున స్పీడ్ కంట్రోలరు 120 ఆంపియర్లకు తక్కువది కొనరాదు. త్వరగా సరిచూచుకొనుటకు వాడుకలోనున్న సూత్రమొకటి కలదు: మామూలు విన్యాసములకు కిలోకు 330 వాట్లు, నిలువుగా వ్రేలాడుటకు కిలోకు 440 వాట్లకు తగ్గరాదు. మన లెక్క దీనిని దాటినది.

5,000 మిల్లీ ఆంపియర్ గంటల 12 సెల్లుల బ్యాటరీ ఒకటిన్నర కిలో వరకు తూగును. అందు ఐదింట నాలుగు వంతులే వాడవలెను. దానితో సుమారు ఆరు నిమిషములు ఎగురవచ్చును. తిరిగి ఛార్జి చేయుటకు ఒక గంట పట్టును. అనగా వరుసగా మూడుమార్లు ఎగురవేయవలెనన్నచో మూడు బ్యాటరీలు కొనవలెను. మోటారు వెల చూచి సంతోషించిన తండ్రికి అసలు ఖర్చు ఇక్కడ ఎదురగును. బ్యాటరీలు కాలక్రమమున బలము తగ్గి మరల కొనవలసివచ్చును. ఐనను మోటారు మీట త్రిప్పినంతనే తిరుగును, అదరదు, నూనె చిమ్మదు, చప్పుడు తక్కువ.

అపాయములు

రెండింటికిని సమానమైన అపాయము ప్రొపెల్లరు. తిరుగుచున్నపుడు అది కంటికి కనబడదు, వ్రేళ్ళను తెగగొట్టును. దాని ఎదుటగాని, ప్రక్కన దాని వరుసలోగాని ఎవరును నిలువరాదు. ఇంజను పని అయినపుడు నిప్పురవ్వ నాపు మీట ఉండవలెను. మోటారునకైనచో బ్యాటరీ కలుపబడి యున్నంతసేపు అది ఏ క్షణమైన తిరుగవచ్చునని భావింపవలెను. నిశ్శబ్దముగా నుండుటయే దాని మోసము. రేడియో సంకేతము తెగినచో ఇంజను గాని మోటారు గాని తగ్గునట్లు ముందే అమర్చవలెను.

లిథియం బ్యాటరీ గ్రుచ్చుకొన్నను, ఒక్కొక్క సెల్లును 4.2 వోల్టులు దాటి ఛార్జి చేసినను మంటలు లేచును. ఛార్జి చేయునపుడు మనిషి దగ్గర ఉండవలెను. రాత్రి పెట్టి నిద్రపోరాదు. వాడనపుడు సెల్లుకు 3.8 వోల్టులుంచి, కాలని పెట్టెలో భద్రపరుపవలెను. పెట్రోలును ఇంటిలోపల కలుపరాదు.

చట్టమును చూడవలెను. 2021 డ్రోన్ నిబంధనలలో, విద్య, పరిశోధన, వినోదము మొదలగు పనులకు మాత్రమే, కంటికి కనబడునంత దూరమున నడుపు 25 కిలోలు మించని విమానమును మోడల్ అని నిర్వచించిరి. వ్యాపారము కాని పనికి 2 కిలోల వరకుగల దానిని నడుపుటకు పైలట్ ధ్రువపత్రము అక్కరలేదనిరి. ఆ పత్రము పొందుటకు 18 ఏండ్లు నిండవలెను. మన 7.5 కిలోల విమానము ఆ మినహాయింపునకు వెలుపలిది. ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు రంగులతో ఏ చోట ఎగురవేయవచ్చునో తెలుపు పటమును ఉన్నది. కొనుటకు ముందు ఆనాటికి అమలులోనున్న నిబంధనలను చదువుకొనవలెను.

మా సలహా

పట్టణము దగ్గరి మైదానమున, దినమునకు రెండు మూడు మార్లు ఎగురవేయు కుటుంబమునకు 30, 50 సి.సి. తరగతులలో విద్యుత్తు మోటారు తగినది. ఊరికి దూరముగా, విద్యుత్తు లేని చోట, ఇంజనుల పని ఎరిగిన పెద్దల సంఘమున చేరి దినమంతయు ఎగురవేయువారికి పెట్రోలు మేలు. 100 సి.సి. తరగతిలో బ్యాటరీల ఖర్చు ఇంచుమించు రెట్టింపగును గనుక అక్కడ పెట్రోలువైపే మొగ్గవలెను. ఏదియైనను, చిన్న విమానమున నేర్పు సంపాదింపని పిల్లలకు పెద్దది కొనరాదు. కొన్నను, బాధ్యత వహింపగల పెద్దవారు ప్రక్కన లేకుండ ఎగురవేయనీయరాదు.

పిల్లలు వచ్చి అడిగినపుడు వెంటనే కాదనవలదు, వెంటనే ఔననవలదు. ఒక కాగితమిచ్చి ఐదు పంక్తులు వ్రాయుమనుడు: విమానపు మొత్తము బరువు, కావలసిన లాగుడు, దానికి తగు ప్రొపెల్లరు, దానిని త్రిప్పు శక్తి, ఎగురవేయు స్థలము. ఐదును సరిగా వ్రాసి, ఎట్లు వచ్చెనో తమకు విడమరచి చెప్పగలిగినచో, ఆ పిల్లల చేతికి అప్పుడు పనిముట్లు ఇయ్యవచ్చును. చెప్పలేకపోయినచో ఇంకొక సంవత్సరము చిన్న విమానముతో గడపుట వారికిని, మైదానమున నిలుచు ఇతరులకును క్షేమము.