పంపే దారి తెలిస్తే ఇల్లు తేలికవుతుంది

మన ఇళ్ళలోకి వస్తువు రావడానికి దారులు చాలా. పెళ్ళికి వెళ్తే స్టీలు డబ్బా, పేరంటానికి వెళ్తే జాకెట్టు ముక్క, గృహప్రవేశానికి వెళ్తే వినాయకుడి బొమ్మ. రెండు కొంటే ఒకటి ఉచితమని రాసుంటే అవసరం లేని మూడో బకెట్టు. లోపలికొచ్చిన వస్తువు బయటికి వెళ్ళడానికి మాత్రం దారి కనిపించదు. పారేయడానికి మనసొప్పదు, ఇద్దామంటే ఎవరికివ్వాలో తెలియదు. చివరికి అటకెక్కుతుంది.

దాచుకోవడాన్ని నేను తప్పుపట్టను. మా అత్తయ్య తరం హార్లిక్స్ సీసాల్లో పప్పులు పోసుకుంది, పాత చీరలతో బొంతలు కుట్టుకుంది, చిల్లుపడిన గిన్నెకు మాటు వేయించుకుంది. ఆ పొదుపు వల్లే మా పిల్లలు చదువుకున్నారు. కాకపోతే అప్పుడు ఇంటికి కొత్త వస్తువు రావడమంటే ఒక విశేషం. ఇప్పుడు ఆర్డరు పెట్టిన మర్నాడే అట్టపెట్టె గుమ్మంలో ఉంటోంది. దాచే అలవాటు అలాగే ఉంది, వచ్చే వేగం పెరిగింది.

తెనాలిలో ఇల్లు ఖాళీ చేసి విజయవాడలో రెండు పడగ్గదుల ఫ్లాటుకు మారినప్పుడు నాకు ఒక విషయం బోధపడింది. ఏది ఎక్కడికి పంపాలో ముందే తెలిసుంటే, ఏది ఉంచుకోవాలో తేల్చుకోవడం కష్టం కాదు.

సర్దడానికి జపాన్‌కు చెందిన మేరీ కోండో చెప్పిన వరుస బాగా పనికొచ్చింది. గదుల వారీగా కాకుండా రకాల వారీగా సర్దమంటారామె. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చిట్టచివర జ్ఞాపకాలతో ముడిపడినవి. ఇంట్లోని దుప్పట్లన్నీ తెచ్చి ఒకే మంచం మీద పోస్తే గానీ ఎన్నున్నాయో తెలియదు. అదే ఫోటోల పెట్టె ముందు తెరిచామా, ఆ పూటంతా అక్కడే గడిచిపోతుంది.

మా ఇంట్లో జ్ఞాపకమంటే గంగాళం. అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడిది. అంచు మీద వాళ్ళ నాన్నగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. తోమీ తోమీ ఒకటి రెండు అక్షరాలు అరిగిపోయాయి. ఫ్లాటులో దానికి చోటు లేదు. నేనేమీ అనకుండా ఆవిడ ముందు పెట్టాను. తడిబట్టతో తుడిచి, పేరు మీద వేలితో రాస్తూ కాసేపు కూర్చున్నారు.

“అమ్మాయ్, మన రామాలయంలో నవమికి పానకం ప్లాస్టిక్ డ్రమ్ములో కలుపుతున్నారు. దీనికి కళాయి పెట్టించి అక్కడిచ్చెయ్యి.”

“మీకు బెంగగా ఉండదా అత్తయ్యా?”

“అటక మీద బోర్లా పడుంటే బెంగ గానీ, ఊరందరికీ పానకం పోస్తుంటే బెంగెందుకే?”

పెద్దవాళ్ళ వస్తువుల విషయంలో ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. నిర్ణయం వాళ్ళకే వదలాలి. వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు అటక ఖాళీ చేయడం మాత్రం అన్యాయం.

ఇక మిగతా వాటి దారులు. కట్టుకోదగ్గ బట్టలను ఉతికి, ఊడిన గుండీలు కుట్టి ఇవ్వండి. తీసుకునేవాళ్ళకు అది మనమిచ్చే మర్యాద. ఢిల్లీలో 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ పాత బట్టలను ఊరికే పంచిపెట్టదు. పల్లెవాసులు తమ ఊరికి కావలసిన బావో, బాటో తామే బాగుచేసుకుంటే ఆ శ్రమకు ప్రతిఫలంగా ఇస్తుంది. పాత నూలు బట్టలతో ఆడవాళ్ళకు ప్యాడ్లు తయారుచేయిస్తుంది. చిరిగినవాటిని ఇంట్లోనే మసిగుడ్డలుగా వాడుకోవచ్చు.

పాత ఫోన్లు, ఛార్జర్లు దాచిన సొరుగును ముందుగా చూడండి. బ్యాటరీ ఉబ్బిన ఫోనును ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదం, చెత్తబుట్టలో వేయడం ఇంకా ప్రమాదం. లిథియం బ్యాటరీ నలిగితే మంటలు లేస్తాయి. పాత రకం ట్యూబులైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఫోన్లు, ట్యూబులైట్ల వంటివాటి రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది. చాలా కంపెనీలు ఎక్కడ తీసుకుంటారో తమ వెబ్‌సైట్లలో చెబుతున్నాయి. ఫోనులో ఉన్నవన్నీ చెరిపేశాకే ఇవ్వండి.

కాగితాల్లో ఇంటి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు, ఆపరేషన్ల డిశ్చార్జి సమ్మరీలు ఎప్పటికీ ఉండాల్సినవే. వాటికి ఒక ఫైలు చాలు. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి ఫోనులోనే ఉంటాయి కాబట్టి జిరాక్సుల కట్టలు అక్కర్లేదు. ఆధార్ నంబరున్న కాగితాన్ని ముక్కలు చేయకుండా పాత పేపర్లలో కలపకండి.

డాబాను మరిచిపోవద్దు. పగిలిన కుండీలో, పాత టైరులో, మూలపడేసిన కూలర్‌లో వాన నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. అవి దోమలు కావడానికి వారం, పది రోజులు చాలు. అటక మీది అట్టపెట్టెల్లో బొద్దింకలు, చెదలు చేరతాయి. అందుకే ఇల్లు సర్దడం అందం కోసమే అనుకోను. అది ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన పని.

ఏటా పాతవి బయటికి తీయడానికి మనకు భోగి ఉండనే ఉంది. ఆ ఆనవాయితీ నాకెంతో ఇష్టం. అయితే ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, రంగులు వేసిన చెక్కలు మంటలో వేయొద్దు. ఆ విషపు పొగను చలి కాచుకుంటున్న మన పిల్లలే పీలుస్తారు. మంటకు పిడకలు, కట్టెలు చాలు. తీసిన పాత సామాను ఆ వారంలో ఎవరికి చేరాలో వాళ్ళకు చేర్చేద్దాం.

సర్దిన ఇల్లు అలాగే ఉండాలంటే గుమ్మం పక్కన ఒక సంచి పెట్టుకోండి. ఇవ్వాలనుకున్నది అనుకున్నప్పుడే అందులో వేయండి, నిండగానే పంపించేయండి. కొత్త వస్తువు కొనేముందు, దాన్ని ఇంట్లో ఎక్కడ పెడతామో చోటు అనుకుని కొనండి.

మరో పని మనందరం కలిసి చేయాల్సింది. మొన్న మా మనవరాలి ఓణీల వేడుకకు వచ్చినవాళ్ళకు ప్లాస్టిక్ బుట్టలు ఇవ్వలేదు. తాంబూలంలో అరటిపళ్ళు, ఇంట్లో చేసిన సున్నుండలు పెట్టాం. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. మనమిచ్చేది ఇంకొకరి అటక మీదికి చేరకుండా చూసుకోవడం కూడా ఇల్లు సర్దుకోవడంలో భాగమే.