ఫ్రాంకెన్‌స్టైన్ కలెక్టర్స్ ఎడిషన్: ఫ్రీగా దొరికే నవలకి అంత రేటు ఎందుకు?

కొన్నాళ్లుగా మీ మెసేజ్‌లలో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "అన్నా, ఫ్రాంకెన్‌స్టైన్ నవల నెట్‌లో ఫ్రీగా ఉంది కదా. మరి అదే నవలని బొమ్మలేసి, బాక్స్‌లో పెట్టి, కలెక్టర్స్ ఎడిషన్ అని వేలకి వేలు ఎందుకు అమ్ముతున్నారు? ఇది మోసం కాదా?" అని. 2025లో గిల్లెర్మో డెల్ టోరో తీసిన సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో చూసినవాళ్లే ఎక్కువగా అడుగుతున్నారు. సరే, ఈరోజు దీని సంగతి చూద్దాం.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. కొన్ని నిజంగానే మోసం. కొన్ని మాత్రం ఆ రేటుకి తగ్గవే. తేడా అట్ట మీద బంగారు అక్షరాల్లో ఉండదు. నవల ఏ వెర్షన్ అచ్చు వేశారు, ఆ జీవికి ఎలాంటి ముఖం ఇచ్చారు, ఈ రెండు నిర్ణయాల్లో ఉంటుంది. మంచి కాగితం, మంచి బైండింగ్ అన్నీ ఆ తర్వాతే.

ముందు వెర్షన్ సంగతి. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ప్రభావంతో 1816లో యూరప్‌లో వేసవి వేసవిలా లేదు, చలి, వాన. జెనీవా సరస్సు దగ్గర ఇంట్లో ఇరుక్కుపోయిన కొందరు స్నేహితులు తలా ఒక దెయ్యం కథ రాద్దామని పందెం వేసుకున్నారు. అందులో ఒకమ్మాయి మేరీ. అప్పటికి ఆమెకి 18 ఏళ్లు. ఆమె మొదలుపెట్టిన కథే ఫ్రాంకెన్‌స్టైన్. 1818 జనవరి 1న లండన్‌లో మూడు భాగాలుగా వచ్చింది. వేసింది 500 కాపీలు. రచయిత పేరు లేదు, బొమ్మలు లేవు.

13 ఏళ్ల తర్వాత, 1831లో, మేరీ షెల్లీ నవలని దిద్ది, కొత్తగా ముందుమాట రాసి, ఒకే భాగంగా మళ్లీ వేయించింది. ఈ దిద్దడం అచ్చుతప్పుల వరకే కాదు. 1818లో హీరో విక్టర్‌కి ఎలిజబెత్ సొంత మేనత్త కూతురు. 1831లో ఆ అమ్మాయి బంధువే కాదు, పెంచుకున్న అనాథ. 1818లో విక్టర్ చేసిన పనులకి విక్టరే బాధ్యుడు అనిపిస్తుంది. 1831లో అదంతా విధి రాత అన్న మాట బాగా బలపడింది. అంటే "తప్పు ఎవరిది?" అన్న నవల అసలు ప్రశ్నకే రెండు వెర్షన్లలో రెండు రకాల బరువు.

అందుకని డీలక్స్ ఎడిషన్ చేసే ప్రచురణకర్త ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. 1983లో దీనికి చక్కటి ఉదాహరణ దొరుకుతుంది. ఆ ఒక్క ఏడాదిలో అమెరికాలో రెండు గొప్ప బొమ్మల ఎడిషన్లు వచ్చాయి. బారీ మోజర్ చెక్కమీద చెక్కి అచ్చువేసిన బొమ్మలతో పెన్నీరాయల్ ప్రెస్ వేసినది 1818 వెర్షన్. బెర్నీ రైట్‌సన్ పెన్నుతో గీసిన బొమ్మలతో మార్వెల్ వేసినది 1831 వెర్షన్. రెండూ ఫ్రాంకెన్‌స్టైనే, కానీ రెండూ ఒకే పుస్తకం కాదు. మీరు కొనబోయే "లగ్జరీ" పుస్తకంలో ఇది ఏ ఏడాది వెర్షనో ఎక్కడా రాయలేదంటే, చేసినవాళ్లు ఆ ప్రశ్నే వేసుకోలేదని అర్థం.

ఇప్పుడు ముఖం. ఫ్రాంకెన్‌స్టైన్ అనగానే మీ కళ్ల ముందు ఏం కనిపిస్తోంది? చదునైన నెత్తి, మెడకి రెండు బోల్టులు, ఆకుపచ్చ చర్మం. అవునా? నవలలో ఇవేవీ లేవు. మొదటి విషయం, ఫ్రాంకెన్‌స్టైన్ అనేది తయారుచేసిన వాడి పేరు. తయారైన జీవికి పేరే పెట్టలేదు. మేరీ షెల్లీ వర్ణన ప్రకారం అతను సుమారు 8 అడుగుల ఎత్తు. పసుపు చర్మం, దాని కింద కండరాలు, రక్తనాళాలు కనపడీ కనపడనట్టు. నిగనిగలాడే నల్లటి పొడవాటి జుట్టు, ముత్యాల్లాంటి పళ్లు, నీళ్లు తేలే వెలిసిపోయిన కళ్లు, నల్లటి పెదాలు. విక్టర్ అతన్ని అందంగా చేద్దామనే ఒక్కో భాగం ఏరి తెచ్చాడు. విడివిడిగా అందమైనవే, అన్నీ కలిస్తే భయంకరం. పైగా అతను బ్రహ్మాండంగా మాట్లాడతాడు. మిల్టన్ కావ్యం, ప్లూటార్క్, గేటే నవల చదువుతాడు.

మరి ఆ బోల్టులు ఎక్కడివి? 1931లో యూనివర్సల్ స్టూడియో సినిమాలోవి. నటుడు బోరిస్ కార్లాఫ్, మేకప్ జాక్ పియర్స్. ఆ సినిమాలో జీవికి మాటలు లేవు, మూలుగులే. ఆ మేకప్ ఎంత హిట్ అయిందంటే, నవలలోని ముఖాన్ని జనం మర్చిపోయారు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నవల ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. కానీ ఆ సినిమా ముఖం మీద హక్కులు యూనివర్సల్‌వి. కాబట్టి బొమ్మల ఎడిషన్ చేసే ఆర్టిస్టు చట్టం కోసమైనా, నవల కోసమైనా మళ్లీ మేరీ షెల్లీ వాక్యాల దగ్గరికి వెళ్లాల్సిందే.

బెర్నీ రైట్‌సన్ అదే చేశాడు. 1948లో బాల్టిమోర్‌లో పుట్టాడు. కామిక్స్ చదివేవాళ్లకి స్వాంప్ థింగ్ తెలుసుంటుంది, రచయిత లెన్ వీన్‌తో కలిసి ఆ పాత్రని సృష్టించింది ఇతనే. ఫ్రాంకెన్‌స్టైన్ బొమ్మలు గీయమని ఇతన్ని ఎవరూ అడగలేదు. జీతం లేదు, అడ్వాన్స్ లేదు. కడుపు నింపే పనులు చేసుకుంటూ, మధ్యలో దొరికిన టైమ్‌లో దాదాపు ఏడేళ్లు గీశాడు. మొత్తం 50కి దగ్గరగా బొమ్మలు. 1983లో పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాట రాసింది స్టీఫెన్ కింగ్.

ఆ జీవి ముఖం ఎలా ఉంటుందంటే, పుర్రె మీద చర్మం లాగి కట్టినట్టు, ముక్కు దాదాపు లేనట్టు, పొడవాటి నల్ల జుట్టు. చూస్తే భయం వేస్తుంది, ఆ వెంటనే జాలి వేస్తుంది. నా దృష్టిలో ఈ ఎడిషన్ విలువంతా ఆ జాలిలోనే ఉంది. నవల అడిగేది కూడా అదే కదా, ముఖం చూసి తరిమేసిన వాడు రాక్షసుడు కాక ఏమవుతాడు?

ఇక టెక్నిక్‌కి వద్దాం. రైట్‌సన్ బొమ్మలు చూస్తే 150 ఏళ్ల నాటి పుస్తకంలోవి అనిపిస్తాయి. అతను ఫ్రాంక్లిన్ బూత్ అనే పాత ఆర్టిస్టు దారిలో గీశాడు. ఈ బూత్ కథ సరదాగా ఉంటుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో పొలాల మధ్య పెరిగిన కుర్రాడు. పత్రికల్లో వచ్చే చెక్క అచ్చు బొమ్మలని చూసి అవి పెన్నుతో గీసినవి అనుకున్నాడు. అలాగే గీయాలని గీతకి గీత కాపీ చేసి నేర్చుకున్నాడు. అలా ఎవరికీ లేని స్టైల్ ఒకటి తయారైంది. ఆ స్టైల్‌లో బూడిద రంగు అనేదే ఉండదు. గీతలు దగ్గరగా గీస్తే నీడ, దూరంగా గీస్తే వెలుగు. రైట్‌సన్ గీసిన ల్యాబ్ బొమ్మలో లెక్కలేనన్ని గాజు సీసాలు, గొట్టాలు ఉంటాయి. ఒక్కో సీసా మీద మెరుపు కూడా ఖాళీగా వదిలేసిన తెల్ల కాగితమే.

ఇలాంటి బొమ్మని అచ్చు వేయడం కష్టం. ఫోటోని అచ్చు వేయాలంటే చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టాలి. దాన్ని హాఫ్‌టోన్ అంటారు. న్యూస్‌పేపర్‌లో ఫోటోని మీ ఫోన్ కెమెరాతో బాగా జూమ్ చేసి చూడండి, చుక్కలు కనపడతాయి. పెన్ను గీతని అలా చుక్కలు చేస్తే గీత అంచు చెదిరిపోతుంది. అందుకే గీతల బొమ్మని లైన్ ఆర్ట్‌గా, నలుపు తెలుపు రెండే ఉండేలా స్కాన్ చేస్తారు. ఫోటోకి 300 డీపీఐ సరిపోతుంది, గీతలకి 1,200 దాకా వెళ్తారు. అదీ ఒరిజినల్ బొమ్మ నుంచే. పాత పుస్తకం పేజీని స్కాన్ చేసి వేస్తే, సన్న గీతలు కలిసిపోయి నల్ల మచ్చలవుతాయి. సైజు కూడా ముఖ్యం. పెద్ద కాగితం మీద గీసిన బొమ్మని అరచేతి సైజుకి కుదిస్తే గీతల మధ్య సందు మాయం. డీలక్స్ ఎడిషన్లు పెద్ద సైజులో ఉండేది షో కోసమే కాదన్నమాట.

కాగితం దగ్గర కూడా తలనొప్పే. మెరిసే ఆర్ట్ పేపర్ మీద గీత పదునుగా వస్తుంది, కానీ లైటు పడి కళ్లకి కొడుతుంది, వందల పేజీల నవల చదవలేం. మామూలు కాగితం కంటికి హాయి, కానీ ఇంకు పీల్చుకుని గీత లావవుతుంది. పలచనిదైతే వెనక పేజీలోని నలుపు ఇటు కనపడుతుంది. ఇవన్నీ దాటే కాగితం కావాలి. దాంట్లో యాసిడ్ కూడా ఉండకూడదు, ఉంటే కొన్నేళ్లకి పచ్చబడి పెళుసెక్కుతుంది.

తర్వాత బైండింగ్. పెద్ద షీట్ మీద 16 పేజీలు కలిపి అచ్చు వేసి మడుస్తారు. మన విజయవాడ ప్రెస్సుల్లో దాన్ని ఫారం అంటారు. చవక పుస్తకంలో మడతలు కోసేసి వీపుకి జిగురు పూస్తారు. కొన్నేళ్లకి పేజీలు ఊడిపోవడం మీరు చూసే ఉంటారు. మంచి ఎడిషన్‌లో మడతలు కోయరు, ఒక్కో ఫారాన్ని దారంతో కుట్టి, పక్క ఫారానికి కలుపుతారు. అప్పుడు రెండు పేజీల మీద పరుచుకున్న బొమ్మ కూడా పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ పైన బట్ట అట్ట, లోహపు అచ్చుతో వేడిగా నొక్కిన బంగారు ఫాయిల్, పుస్తకం జారేలా ఒక పెట్టె. జనం ఫోటోలు తీసేది వీటినే, కానీ మొత్తం పనిలో తేలికైనవి ఇవే.

ఇక సంతకాలు. లిమిటెడ్ ఎడిషన్‌లో "ఇన్ని కాపీలే వేశాం, ఇది ఇన్నో నంబరు" అని ఒక పేజీ ఉంటుంది. మేరీ షెల్లీ 1851లోనే చనిపోయింది కాబట్టి సంతకం ఆర్టిస్టుదో, ముందుమాట రాసినవాళ్లదో అవుతుంది. పుస్తకాలన్నీ మోసుకెళ్లి సంతకం చేయించరు. విడి కాగితాలు ముందే పంపి, సంతకాలయ్యాక బైండింగ్‌లో కలుపుతారు. కొందరు నంబర్లకి బదులు ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు వేసి 26 కాపీలే ఇంకా ఖరీదుగా చేస్తారు.

రేటు లెక్క ఇప్పుడు అర్థమవుతుంది. ఊరికే ఒక లెక్క అనుకుందాం. బొమ్మలు, స్కానింగ్, డిజైన్ కలిపి 10 లక్షలు అయ్యాయి. 10,000 కాపీలు వేస్తే కాపీ మీద 100 రూపాయలు పడుతుంది. 500 వేస్తే 2,000 పడుతుంది. కాగితం, కుట్టు, పెట్టె ఇంకా కలపనే లేదు. నిజాయితీగా చేసిన ఎడిషన్‌లో మీరిచ్చే డబ్బులో పెద్ద ముక్క ఆర్టిస్టు టైమ్‌కి పోవాలి. రైట్‌సన్‌కి ఆ ఏడేళ్లు ఎవరూ ఇవ్వలేదు, తానే పెట్టుకున్నాడు. అందరి దగ్గరా అంత ఓపిక, అంత వెసులుబాటు ఉండవు.

అందుకే నాకు కోపం వచ్చేది ఇక్కడ. నవల ఫ్రీ కాబట్టి, నెట్‌లోంచి దించి, ఎవరు గీశారో పేరు కూడా లేని బొమ్మలు పెట్టి, బాండెడ్ లెదర్ అట్ట వేసి కలెక్టర్స్ ఎడిషన్ అనేస్తున్నారు. బాండెడ్ లెదర్ అంటే తోలు తునకల్ని పొడిచేసి జిగురుతో షీట్ చేసినది. ఆన్‌లైన్‌లో కొనేముందు నాలుగు చూడండి. ఏ ఏడాది వెర్షనో రాశారా? ఆర్టిస్టు పేరుందా? కుట్టు బైండింగ్ అని చెప్పారా? లిమిటెడ్ అంటే ఎన్ని కాపీలో అంకె ఉందా? పుస్తకం చేతిలో ఉంటే మధ్యలో తెరవండి, ఫారం నడుమ దారం కనపడాలి. బొమ్మని ఫోన్‌తో జూమ్ చేయండి, గీత గీతలాగే ఉండాలి.

డబ్బుల్లేకపోతే ఏం పర్లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో 1818, 1831 రెండూ ఫ్రీగా ఉన్నాయి, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. రైట్‌సన్ బొమ్మల పుస్తకం కూడా తర్వాత మామూలు ఎడిషన్లుగా చాలాసార్లు వచ్చింది, లైబ్రరీలో అడిగి చూడండి.

రైట్‌సన్ 2017లో చనిపోయాడు. అతని ఫ్రాంకెన్‌స్టైన్ ఒరిజినల్స్ కొన్ని డెల్ టోరో సొంత కలెక్షన్‌లో ఉన్నాయి. నెట్‌ఫ్లిక్స్ సినిమాలో మీరు చూసిన జీవికి బోల్టులు లేవు, పొడవాటి జుట్టు ఉంది, మాట్లాడతాడు. ఆ ముఖం వెనక రైట్‌సన్ బొమ్మల ప్రభావం ఉంది.

మీ దగ్గర ఫ్రాంకెన్‌స్టైన్ ఉంటే తీసి చూడండి. ఎలిజబెత్ విక్టర్‌కి మేనత్త కూతురా, పెంచుకున్న అమ్మాయా? దాన్ని బట్టి మీది ఏ వెర్షనో కామెంట్స్‌లో చెప్పండి. ఉంటాను.