హోస్పెస్: అతిథియా? ఆతిథేయియా?

మన దృష్టిలో అతిథి వేరు, ఆతిథేయి వేరు. ఒకరు వచ్చేవారు, మరొకరు ఆదరించేవారు. ప్రాచీన రోమనుల లాటిన్ భాషలో మాత్రం ఈ ఇద్దరికీ ఒకటే నామవాచకం: హోస్పెస్. పరదేశి అనే అర్థం కూడ దీనికి ఉంది. దీనిని పదదారిద్ర్యమని భావించరాదు. నేడు నా ఇంట ఆశ్రయం పొందినవాడు రేపు తన ఊరిలో నాకు ఆశ్రయమివ్వవలసినవాడే. ఈ బాంధవ్యం తండ్రి నుండి కుమారునికి సంక్రమించేది. దీనికి గుర్తుగా 'టెస్సెరా' అనే బిళ్ళను ఇరువురూ పంచుకొనేవారు. ఏండ్లు గడచిన పిదప ముఖపరిచయం లేనివారు వాకిట నిలిచినా ఆ బిళ్ళయే సాక్ష్యం పలికేది.

ఈ పదం వ్యాకరణం కూడ ఆసక్తికరమైనదే. ప్రథమా విభక్తిలో హోస్పెస్; ద్వితీయలో హోస్పిటెమ్, చతుర్థిలో హోస్పిటీ, షష్ఠిలో హోస్పిటిస్. ప్రథమలో కానరాని టకారం తక్కిన రూపాలలో బయటపడుతున్నది. 'చేయి' అన్నప్పుడు లేని 'తి' మన 'చేతికి', 'చేతితో' అనే రూపాలలో కనిపించడం వంటిదే ఇది. (ఇది పోలిక మాత్రమే, చుట్టరికం కాదు.) అందువల్లనే లాటిన్ నిఘంటువులు ప్రథమతోపాటు షష్ఠీరూపాన్ని కూడ ఇస్తాయి. ప్రథమను మాత్రమే వల్లించిన విద్యార్థి ఈ పదం సంతానాన్ని గుర్తించలేడు.

ఆ సంతానం పెద్దది. ఇటాలియన్‌లో 'ఒస్పితే', ఫ్రెంచిలో 'ఓత్' నేటికీ అతిథిని, ఆతిథేయిని కూడ సూచిస్తాయి. స్పానిష్ 'వెస్పెద్' ప్రధానంగా అతిథి. ఆంగ్ల 'హోస్ట్' ఆతిథేయి. ఇదే మూలం నుండి పుట్టిన విశేషణం 'హోస్పిటాలిస్'. మధ్యయుగాల ఐరోపాలో హాస్పిటల్ అంటే బాటసారులకు, బీదలకు, రోగులకు ఆశ్రయమిచ్చే చోటు. క్రమంగా అది రోగులకే పరిమితమైంది. తెలుగువారి నోట ఆసుపత్రి అయింది. ప్రాచీన ఫ్రెంచిలో ఇదే 'ఒస్తెల్'గా మారగా ఆంగ్లేయులు దానిని హాస్టల్‌గా స్వీకరించారు. తరువాత ఫ్రెంచిలో సకారం లోపించి 'ఓతెల్' ఏర్పడింది. అది హోటల్‌గా మరల ఆంగ్లంలో ప్రవేశించింది. విద్యార్థి నివసించే హాస్టలు, డబ్బిచ్చి బస చేసే హోటలు, వైద్యం పొందే ఆసుపత్రి ఒకే తల్లి బిడ్డలు!

ఇక హోస్పెస్ పుట్టుక మరింత విచిత్రం. భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయంలో దీని ఉత్తరభాగం సంస్కృత 'పతి' శబ్దానికి సోదరం. పూర్వభాగం 'హోస్టిస్'కు సంబంధించినది. లాటిన్‌లో హోస్టిస్ అంటే శత్రువు. అయితే పూర్వికులు ఆ మాటను పరదేశి అనే అర్థంలో వాడేవారని సిసిరో క్రీ.పూ. 44లో రచించిన ధర్మగ్రంథంలో పేర్కొన్నాడు. గడప ముందు నిలిచిన కొత్తవాని పేరే ఒక దారిలో శత్రువుకు, మరొక దారిలో అతిథికి చెందింది. న్యాయస్థానంలో ఎదురుతిరిగిన సాక్షిని 'హోస్టైల్' అనడం మొదటి దారిది. ఆంగ్లంలో అతిథికి వాడే 'గెస్ట్' శబ్దానిది కూడ ఆ ప్రాచీన మూలమే.