పది రోజుల డ్రైవింగ్ కోర్సు మీకు సరిపడుతుందా?

కారు కొనడానికి ఋణం మంజూరైంది. ఇక మిగిలింది నడపడం నేర్చుకోవడమే. మన ఉద్యోగులలో చాలామంది ఈ దశలో ఒక ప్రకటన చూసి ఆగుతారు: "పది రోజులలో కారు డ్రైవింగ్ నేర్పబడును." షిఫ్టులలో పనిచేసేవారికి నెల రోజులు ఒకే వేళకు వెళ్లడం కష్టం. కాబట్టి ఇటువంటి కోర్సు ఆకర్షించడంలో వింత లేదు. అయితే అది మనకు తగినదా కాదా అన్నది రుసుము చెల్లించక ముందే ఆలోచించుకోవలసిన విషయం.

ఒక అనుభవం

కొన్నేళ్ల క్రితం నేనూ ఆర్జిత సెలవు పెట్టి ఇటువంటి కోర్సులోనే చేరాను. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట. పదో రోజుకు నాకంతా వచ్చేసిందనే అనుకున్నాను. తరువాత కారు ముట్టుకోకపోయినా, గడువు పూర్తయ్యాక పరీక్షలోనూ నెగ్గాను. లైసెన్సు చేతికి వచ్చిన మొదటి ఆదివారం కుటుంబంతో బయలుదేరాను. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ముందున్న బస్సు ఆగింది. నేనూ ఆగాను. బస్సు కదలగానే క్లచ్ వదిలాను. ఇంజను ఆగిపోయి కారు వెనక్కి జారసాగింది. వెనుక స్కూటరుపై భార్యాభర్తలు, వారి మధ్య ఒక చిన్నపాప. హ్యాండ్‌బ్రేకు లాగింది నేను కాదు, పక్కన కూర్చున్న మా బావమరిది. కారు స్కూటరుకు జానెడు దూరంలో ఆగింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించినప్పుడు కారణం బోధపడింది. శిక్షణ కార్లలో బోధకుని వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఎత్తు వచ్చిన ప్రతిసారీ ఆయన మాట్లాడకుండా వాటిని తొక్కేవారు. పది రోజులూ ఎత్తులు ఎక్కింది ఆయన పాదాలతో, నా పాదాలతో కాదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

పది రోజులలో కోర్సు ముగిస్తే పదకొండో రోజున లైసెన్సు రాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం, లెర్నర్ లైసెన్సు పొందిన తరువాత కనీసం 30 రోజులు గడిస్తేనే డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు. ఆ లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. సొంత వాహనం నడిపేవారికి డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ 21 రోజులకు తగ్గరాదనీ, స్టీరింగు పట్టి నడిపే సమయం 10 గంటలకు తగ్గరాదనీ ఆ నియమాలే నిర్దేశించాయి. 2021 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలో తేలికపాటి వాహనాల కోర్సు 29 గంటలు. అందులో 21 గంటలు నడపడానికి, 8 గంటలు పాఠాలకు కేటాయించారు. వీటితో పోల్చి చూస్తే పది రోజుల కోర్సులో ఏది మిగిలిపోతుందో మనమే లెక్క కట్టుకోవచ్చు.

తొందర వల్ల లాభమెంత?

బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పే విషయమై జరిపిన ఒక పరిశోధన 1978లో వెలువడింది. రోజుకు ఒక్క గంట నేర్చుకున్నవారు, రోజుకు నాలుగు గంటలు నేర్చుకున్నవారికన్నా మొత్తం మీద తక్కువ గంటలలోనే పని పట్టుకున్నారు. అయితే ఎక్కువ రోజులు పట్టినందున తమ ప్రగతిపై అందరికన్నా అసంతృప్తి చెందినవారు కూడా వారే! చేతికి, కాలికి అలవాటు పడవలసిన విద్యలన్నిటిలోనూ ఈ సంగతి గుర్తుంచుకోదగినది. త్వరగా వస్తున్నదన్న తృప్తి వేరు, నిలిచే విద్య వేరు.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

ఏళ్ల తరబడి స్కూటరు నడిపి రద్దీకి అలవాటు పడినవారికి, ఒకప్పుడు కారు నేర్చుకొని మానివేసినవారికి, పూర్తిగా సెలవులో ఉండి కంటినిండా నిద్రపోగలవారికి ఈ కోర్సు ఉపకరించవచ్చు. కోర్సు ముగిశాక సాధన చేయడానికి ఇంట్లో కారు, పక్కన కూర్చోవడానికి అనుభవజ్ఞులు ఉంటే మరీ మంచిది.

రోడ్డు మీద ఏ వాహనమూ నడపనివారికి, భయం ఎక్కువగా ఉన్నవారికి నిదానంగా సాగే కోర్సే మేలు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా స్టీరింగు ముందు కూర్చోవాలనుకునే సోదరులు ఆ ఆలోచన మానుకోవాలి. గృహిణులు కొందరు "నాకు తొందరగా రాలేదు" అని మధ్యలో మానివేస్తుంటారు. లోపం వారిది కాదు, ఎంచుకున్న గడువుది.

చేరే ముందు స్కూలువారిని కొన్ని ప్రశ్నలు అడగండి. ఒక కారులో ఎందరిని ఎక్కిస్తారు? అందులో స్టీరింగు నా చేతిలో ఉండేది ఎన్ని నిమిషాలు? ఎత్తు రోడ్డు మీద, వానలో, చీకటి పడ్డాక నడిపిస్తారా? చివరి రోజులలో బోధకుడు తన పెడల్స్ ముట్టకుండా ఉంటారా?

మధ్యేమార్గం కూడా ఉంది. లెర్నర్ లైసెన్సు రాగానే పది రోజుల కోర్సు ముగించి, మిగిలిన ఇరవై రోజులూ ముందూ వెనుకా ఎల్ బోర్డు పెట్టి, లైసెన్సు ఉన్న వ్యక్తిని పక్కన కూర్చోబెట్టుకొని సొంత కారులో రోజూ కొంతసేపు సాధన చేయవచ్చు. ఆ వ్యక్తి అవసరమైతే కారును ఆపగలిగేలా కూర్చోవాలన్నది నియమం. మొదట టౌన్‌షిప్ లోపలి రోడ్లు, తరువాత బజారు, చివరికి హైవే.

కర్మాగారంలో క్రేను నేర్చుకుంటున్న యువకుణ్ణి పదకొండో రోజున ఒంటరిగా పైకి పంపము. కింద మనుషులు పనిచేస్తుంటారు కనుక పంపము. రోడ్డు మీద కూడా మన ముందూ వెనుకా ఉండేది మనుషులే.