ట్యాంకు పూత ఎందుకు ఊడుతుంది? తప్పు రంగుది కాదు, కింద గోడది

1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారం ఉద్యోగుల కోసం వెలసిన టౌన్‌షిప్‌లో సెక్టర్ 6 ఒకటి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఆ ఊరు బాగా తెలుసు. ఇంత వయసున్న కాలనీల్లో, మన ఊళ్లలోనూ, నీళ్ల ట్యాంకులకు, సంపులకు, ఈత కొలనులకు పూత వేయించడం మామూలే. అది రెండు మూడేళ్లకే పొక్కులెక్కి పెచ్చులుగా రాలిపోవడమూ మామూలే. అప్పుడు అందరూ తిట్టేది రంగు కంపెనీని. కానీ కారణం చాలాసార్లు పూత కింద ఉంటుంది.

కాంక్రీటు రాయి కాదు

చూడటానికి గట్టిగా ఉన్నా కాంక్రీటు నిండా సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో నీరు, గాలి, లవణాలు ఉంటాయి. పోత పోసినప్పుడు సిమెంటు పాలు పైకి తేలి బలహీనమైన పొరగా ఆరిపోతాయి. దాన్ని గీకి తీయకుండా ఎపాక్సీ వేస్తే, ఎపాక్సీ ఆ పొరకు అంటుకుంటుంది తప్ప గోడకు కాదు. పొర ఊడితే పూతా ఊడుతుంది.

రెండో శత్రువు చెమ్మ. ఉప్పు చల్లిన మామిడి ముక్కల్లోంచి నీరు ఊరినట్టే, పూత కింద మిగిలిన లవణాలు నీటిని తమవైపు లాక్కుంటాయి. ఆ ఒత్తిడికి పొక్కులు లేస్తాయి. భూమిలో కట్టిన సంపుకు మరో చిక్కుంది. వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు సంపు ఖాళీగా ఉంటే, బయటి నీరు గోడలోంచి వచ్చి పూతను వెనక నుంచి నెడుతుంది.

వేళ కూడా ముఖ్యమే

భిలాయి వేసవిలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. పొద్దున పూత వేస్తే, ఎండెక్కే కొద్దీ రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి, తడి పూతను చీల్చుకుని బయటికొస్తుంది. గుండుసూది మొనంత రంధ్రాలు మిగులుతాయి. ఉష్ణోగ్రత తగ్గే సాయంత్రం వేళ వేయడం మేలు. వానాకాలంలో గోడపై కంటికి కనిపించని మంచు పట్టకుండా, గోడ ఉష్ణోగ్రత తుషార బిందువు కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి.

కొత్త కాంక్రీటు క్షారగుణం పిహెచ్ 12కు పైనే. నూనె ఆధారిత రంగులు ఆ క్షారంతో కలిసి సబ్బుగా మారి జారిపోతాయి. పాత కాంక్రీటుది వేరే కథ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి క్షారం తగ్గితే లోపలి ఇనుప చువ్వలకు రక్షణ పోతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండు రెట్లకు పైగా ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఆ బీటను ఏ రంగూ ఆపలేదు. పైగా పూత దాన్ని కొన్నాళ్లు దాచిపెడుతుంది. అసలు ప్రమాదం అదే.

డబ్బు కట్టే ముందు

ఒక చవకైన పరీక్ష ఉంది. దాదాపు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. కింద నీటి బొట్లు కనిపించినా, గోడ నల్లబడినా ఇంకా పూతకు వేళ కాలేదన్నమాట. చువ్వల సంగతి తెలియాలంటే, కాంక్రీటును కొంచెం పగలగొట్టి తాజా ముఖంపై ఫినాఫ్తలీన్ చల్లాలి. గులాబీ రంగు వస్తే క్షారం ఉన్నట్టు, రాకపోతే తగ్గినట్టు.

తాగునీటి ట్యాంకైతే పూత తాగునీటికి అనుమతించినదేనా అని అడగాలి. మూసిన ట్యాంకులో ద్రావకాల ఆవిరి ప్రాణాలు తీయగలదు కాబట్టి, గాలి ఆడే ఏర్పాటు, బయట కాపలా మనిషి లేకుండా కూలీలను లోపలికి దింపకూడదు.

టెండర్లలో మాత్రం రంగు పేరు, చదరపు మీటరు ధర ముందుంటాయి. గోడను శుభ్రం చేయడం, ఆరబెట్టడం, బీటలు సరిచేయడం చివర ఒక వాక్యంలో ముగుస్తాయి. ఖర్చు తగ్గించుకోవాలన్నప్పుడు మొదట కోత పడేది ఆ వాక్యానికే. రెండేళ్ల తర్వాత మళ్లీ పూత వేయించే బిల్లు అక్కడే మొదలవుతుంది.