మూసేసిన ఐస్ ఫ్యాక్టరీని పీకేముందు ఇది చూడండి: గేజ్ సున్నా చూపిస్తే గ్యాస్ లేనట్టేనా?

పాత ఐస్ ఫ్యాక్టరీని గోడౌనో, ఫంక్షన్ హాలో చేద్దామనుకున్నప్పుడు అందరూ ముందు గోడలు, పార్కింగ్, లైటింగ్ గురించి మాట్లాడతారు. లోపలున్న కూలింగ్ ప్లాంట్‌ని మాత్రం "పాత ఇనుమోళ్లు పట్టుకెళ్తారులే" అని వదిలేస్తారు. ప్రాణాలు పోయేది అక్కడే. ఈ ఎపిసోడ్ దాని గురించే.

పోయిన ఎండాకాలం గోదావరి జిల్లాలో ఒక ఐస్ ఫ్యాక్టరీ చూడమని నన్ను పిలిచారు. మూతపడి నాలుగేళ్లు. ఓనర్ గారబ్బాయి దాన్ని ఫంక్షన్ హాల్ చేద్దామనుకున్నాడు. ఇనుముకి కిలో లెక్కన బేరం కూడా అయిపోయింది. నేను వెళ్లేసరికి గ్యాస్ కటింగ్ కుర్రాడు సిలిండర్లు దించుకుని రెడీగా ఉన్నాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

"గేజ్ సున్నా చూపిస్తోందన్నా, గ్యాస్ ఎప్పుడో పోయింది" అన్నాడు.

చూస్తే, గేజ్‌కి ప్రెజర్ వెళ్లే చిన్న వాల్వ్ మూసేసి ఉంది. "తమ్ముడూ, ముందు ఆ టార్చ్ బయట పెట్టు" అన్నాను. అందర్నీ బయటికి పంపి, మాస్క్ వేసుకుని ఆ వాల్వ్ మెల్లగా తిప్పా. ముల్లు 10 కిలోలు దాటింది.

దీని అర్థం ఏంటంటే, లోపల ఇంకా లిక్విడ్ అమ్మోనియా ఉంది. లిక్విడ్ కొంచెం మిగిలినా చాలు, ప్రెజర్ బయటి వేడిని బట్టి ఉంటుంది. ఒక్క లీటరున్నా, వంద లీటర్లున్నా గేజ్ చూపించేది ఒకటే. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. ఒక లీటరు లిక్విడ్ బయటికొస్తే 800 లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది. గాల్లో 300 పీపీఎం ఉంటేనే ప్రాణాపాయం. 15 నుంచి 28 శాతం మధ్య ఉంటే నిప్పు తగిలినప్పుడు అంటుకుంటుంది. ఇప్పుడు అక్కడ టార్చ్ వెలిగించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మరి ఎలా తీయాలి? వరసగా చెప్తా.

మొదటిది, లోపల ఏ గ్యాస్ ఉందో తెలుసుకోవాలి. నేమ్ ప్లేట్ మీద ఆర్-717 అని ఉంటే అమ్మోనియా. ప్లేట్ చెరిగిపోతే పైపులు చూడండి. అమ్మోనియా రాగిని తినేస్తుంది కాబట్టి దాని ప్లాంట్‌లో పైపులు ఇనుమువే. రాగి పైపులుంటే ఆర్-22 లాంటి ఫ్రియాన్ గ్యాస్ అయ్యుండొచ్చు. అదీ గాల్లోకి వదలకూడదు. ఒక కిలో ఆర్-22 భూమిని వేడెక్కించడంలో దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పైగా మంట తగిలితే విషవాయువులు వస్తాయి. రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగాల్సిందే.

రెండోది, ఖాళీ చేయడం. ఇది మనం చేసే పని కాదు, అమ్మోనియా ప్లాంట్ పని తెలిసిన టీమ్ చేయాలి. లిక్విడ్ అంతా రిసీవర్‌లోకి తెచ్చి, అక్కడినుంచి సిలిండర్లలోకి ఎక్కిస్తారు. మిగిలిన గ్యాస్‌ని నీళ్లలోకి పంపుతారు, నీళ్లు దాన్ని బాగా పీల్చుకుంటాయి. ఆ నీళ్లని కాలవలో వదిలారో, చేపలన్నీ చస్తాయి. ఇంకో మాట. కింద పడిన లిక్విడ్ అమ్మోనియా మీద నీళ్లు పోయకండి, ఇంకా ఎక్కువ గ్యాస్ లేస్తుంది.

మూడోది, దాక్కున్న గ్యాస్. కంప్రెసర్ ఆయిల్ ట్యాంకుల అడుగున చేరుతుంది, దాన్లో అమ్మోనియా కలిసి ఉంటుంది. రెండు వాల్వుల మధ్య పైపులో లిక్విడ్ చిక్కుకుంటే, ఎండకి వ్యాకోచించి పైపే పగలొచ్చు. ఉప్పునీళ్ల పైపుల్ని కూడా నమ్మడానికి లేదు. 2017 అక్టోబర్ 17న కెనడాలోని ఫెర్నీలో ఐస్ రింక్ దగ్గర జరిగింది అదే. చిల్లర్ లీకై అమ్మోనియా ఉప్పునీళ్ల లైన్లోకి వెళ్లింది. మెషిన్ ఆపారు, కానీ లోపల గ్యాస్ ఉండిపోయింది. తర్వాత ఆ లైన్ ఊడిపోయి ముగ్గురు చనిపోయారు.

నాలుగోది, పైపుల్లోకి నైట్రోజన్ పంపి కడగాలి. కటింగ్ సెట్‌లో ఉంది కదా అని ఆక్సిజన్ మాత్రం పెట్టొద్దు, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. తర్వాత డిటెక్టర్‌తో చెక్ చేయాలి. మొదటి కోత హ్యాక్సాతోనే కోయాలి. లోపల ఏమీ లేదని తేలాకే టార్చ్.

ఐదోది, గోడలు. కోల్డ్ రూమ్ గోడల్లో థర్మోకోలో, తారు పూసిన కార్కో ఉంటుంది. రెండూ మండేవే. ముందు వాటిని ఊడదీసి దూరంగా పెట్టాలి. ఉప్పునీళ్లని పొలాల వైపు వదలొద్దు. పాత ప్లాంట్లలో తుప్పు పట్టకుండా క్రోమియం మందులు కూడా కలిపేవాళ్లు, టెస్ట్ చేయించాకే ఏం చేయాలో చూడండి. కోల్డ్ రూమ్ తలుపుల్ని మొదటి రోజే పీకేయండి. లోపల ఎవరైనా ఇరుక్కుంటే అరిచినా బయటికి వినపడదు.

ఘాటు వాసన వచ్చిందా, సామాన్ల గురించి ఆలోచించొద్దు. గాలికి అడ్డంగా పక్కకి తప్పుకుని, గాలి ఎటునుంచి వీస్తోందో అటు దూరంగా వెళ్లండి. కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండాలి, తర్వాత హాస్పిటల్.

ఓనర్ గారబ్బాయి నన్ను అడిగింది ఒకటే: "అన్నా, దీనికి ఎక్స్‌ట్రా ఎంతవుతుంది?" తప్పు ప్రశ్నేం కాదు. అందుకే చెప్తున్నా, ఇనుము బేరం చేసేటప్పుడే ఖాళీ చేసే ఖర్చు కూడా రాసుకోండి. బేరం అయ్యాక గుర్తొస్తే, ఆ ఖర్చు మిగుల్చుకోడానికి టార్చ్ పట్టుకునే కుర్రాడి ప్రాణం మీదికి తెస్తారు.

అక్కడ ఖాళీ చేయడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆ తమ్ముడే వచ్చి కోశాడు, సాయంత్రం ఇంటికెళ్లాడు. మీ ఊళ్లో ఇలాంటి ప్లాంట్ పీకుతుంటే ఈ వీడియో ఓనర్‌కి కాదు, ముందు కటింగ్ చేసేవాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త.